నడిచే మచ్చ

ఆ ఎర్రచుక్కను హైమావతి మూడుసార్లు తుడిచింది. మొదటిసారి, ఫోను అద్దం మీద మరకేమో అనుకుని వేలితో తుడిచింది. రెండోసారి కెమెరా కంటికి మెత్తని గుడ్డ పెట్టి తుడిచింది. మూడోసారి మాత్రం చదువుకున్న మనిషిలాగా తీరిగ్గా కూర్చుని, నలభై వరసల ప్రోగ్రాము రాసి తుడిచింది. మొదటి రెండుసార్లకూ పోని చుక్క మూడోసారికి పోయింది. తరవాత చాలా రోజులు ఆమెకు అన్నం సయించకుండా చేసింది ఆ మూడోసారే.

హైమావతి హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో పనిచేస్తుంది. బేతంచెర్ల పక్క పల్లెలో నాపరాయి పాలిష్ పట్టే మద్దిలేటి కూతురు. ఆ ఇంట్లో పదో తరగతి దాటింది ఆమె ఒక్కతే. పరిశోధనశాలలో చేరిన కొత్తలో "నువ్వు ఆడ ఏం పని చేస్తాండావే?" అని అమ్మ ఓబులమ్మ అడిగితే "వేడిని చూస్తామమ్మా" అంది. ఓబులమ్మ ఆ మాటను తన తీరులో అర్థం చేసుకుంది. ఊరంతటికీ అదే చెప్పింది.

వాళ్లు వాడేది బొటనవేలంత కెమెరా. ఫోను అడుగున గుచ్చితే చాలు, వేడి ఎక్కడుందో రంగుల్లో చూపిస్తుంది. చల్లనివి నీలం, వెచ్చనివి పసుపు, మరీ వేడివి ఎరుపు. గోడలో నెమ్ము ఎక్కడ దిగిందో, స్విచ్చుబోర్డు వెనక ఏ తీగ కాగుతోందో, ఫ్రిజ్జు తలుపు సందులోంచి చలి ఎక్కడ కారుతోందో కనిపెట్టడానికి జనం ఇళ్లల్లో వాడుకుంటూనే ఉన్నారు. పరిశోధనశాల అధిపతి కాత్యాయని మేడంది ఇంకో ఆశ. ఇప్పటి వేడిని చూడ్డం కాదు, పోయిన వేడిని చూడాలి. మనిషి కూర్చుని లేచిన చోట వేడి ఒక్కసారిగా మాయం కాదు, నేలలోకి దిగి మెల్లమెల్లగా పలచబడుతుంది. ఆ దిగిన తీరును వెనక్కి లెక్కగడితే, ఎవరు ఎప్పుడు ఎక్కడ అడుగుపెట్టారో చెప్పవచ్చు. ఆ లెక్క చేసే సాఫ్టువేరుకు మేడం పెట్టిన పేరు "జాడ". సిమెంటు నేల మీద జాడ నలభై నిమిషాల వెనక్కి వెళ్లగలిగింది. గ్రానైటు మీద మూడు గంటలు. అక్కడితో ఆగిపోయి ఏడాదైంది.

దాన్ని కదిలించింది ఒక టిఫిను బాక్సు.

హైమావతి బల్ల మీద ఇంటినుంచి తెచ్చుకున్న నాపరాయి పలక ఒకటి ఉండేది. కాగితాలు ఎగరకుండా పెట్టుకోవడానికీ, మధ్యాహ్నం టిఫిను దించుకోవడానికీ. ఒక సోమవారం ఉదయం ఊరికే కెమెరాను దానివైపు తిప్పి జాడను నడిపితే, పలక మీద గుండ్రని వెచ్చని మచ్చ తేలింది. పలకను ఎవరూ ముట్టుకోలేదు. ఆ గుండ్రం శనివారం మధ్యాహ్నం తను దించిన పులగం బాక్సుది.

"రెండు రోజులా?" కాత్యాయని మేడం కుర్చీలోంచి లేచి వచ్చింది. "ఈ రాయి ఎక్కడిది హైమా?"

"మా ఇంటిది మేడం. మా నేల, గోడ, పైకప్పు, నీళ్ల తొట్టి అన్నీ ఇదే. పొరలు పొరలుగా ఉంటుంది కదా, వేడి పొరల మధ్య ఇరుక్కుని బయటికి రావడానికి దారి వెతుక్కుంటుందేమో."

"మీ ఇంట్లో రాయి కానిది ఏమైనా ఉందా?"

"మా అమ్మ చేసే సంకటి మేడం. ఆరితే అదీ రాయే."

మేడం నవ్వింది. ఆ నవ్వులోనే పని కూడా అప్పజెప్పింది. పక్కవారం శుక్రవారం డబ్బిచ్చే పెద్దవాళ్లు వస్తున్నారు, జాడకు ఇంకో మూడేళ్లు ఊపిరి పోయాలో వద్దో తేల్చడానికి. ఆలోగా నాపరాతి ఇంట్లో మూడు రోజులు పరీక్ష చేసి, చూపించదగ్గ ఫలితం తేవాలి. హైమావతి ఉద్యోగ ఒప్పందం మార్చితో అయిపోతుంది. ఫలితం శుభ్రంగా వస్తే అదే పని మీద పరిశోధన విద్యార్థిగా చేరవచ్చు. "శుభ్రంగా" అన్న మాట ఆమె చెవిలో పడి అక్కడే ఉండిపోయింది.

గురువారం పొద్దున ఇంటికి చేరేసరికి మార్గశిరం చలికి నేల జిల్లుమంటోంది. పరీక్షకు అంతకంటే ఏం కావాలి! ఫోనును స్టాండుకు బిగించి ముందు పడసాలలో ఒక మూల నిలబెట్టింది, తరవాత ఒక్కో గదికీ జరపాలి. చీర చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ ఓబులమ్మ వచ్చి నిలబడింది. బడిలో మధ్యాహ్న భోజనం వండే పని ఆమెది, ఇంకో అరగంటలో పోవాలి. ఆమె వెనకే ఎదురింటి సుంకులమ్మ.

"ఇదేనా పాపా ఆ మిషను? ముందు నన్ను సూడు. నాకు ఒకటే వేడి సేసినాది. కండ్లు మంట, నోరంతా పుండ్లు. నిన్న సబ్జా గింజలు నానబెట్టుకుని తాగినా తగ్గల్యా."

"అత్తా, అది ఆ వేడి కాదు. ఇది రాయికి అంటిన వేడి చూస్తుంది."

"రాయికి సూసేది మనిషికి సూడలేదా? ఏం సదువే మీది!"

హైమావతి నవ్వి, సరేనని కెమెరా ఆమెవైపు తిప్పింది. తెర మీద సుంకులమ్మ పసుపుపచ్చగా మెరిసింది, ముక్కు కొన మాత్రం నీలంగా. "సూడు మే ఓబులమ్మా, ఎంత వేడి ఉండాదో! పచ్చగా మండిపోతాండా!" అని సుంకులమ్మ సంబరపడింది. ఆ మధ్యాహ్నానికి వీధిలో ఏడుగురు ఆడవాళ్లు వచ్చి తమ వేడి చూపించుకుని పోయారు. హైమావతి ప్రతివాళ్లకూ ఓపికగా చెప్పింది, ఎవరూ వినలేదు.

జాడ పనిచేసింది. ఆమె ఊహించిన దానికంటే బాగా పనిచేసింది. తెర అడుగున గీతను వేలితో ఎడమకు జరిపేకొద్దీ కాలం వెనక్కి పోయి, నేల మీద అడుగులు ఒక్కొక్కటే తేలేవి. అమ్మవి పొట్టి, గబగబా పడిన అడుగులు. నాన్నవి వెడల్పు, దూరం దూరంగా. శుక్రవారం సాయంత్రం అమ్మానాన్నలను కూర్చోబెట్టి చూపించింది.

"ఇది నిన్న పన్నెండున్నర. నాయన అన్నానికి వచ్చినాడు. ఇక్కడ కూర్చున్నాడు. లేచినాడు. ఇట్ల వంటింట్లోకి పోయినాడు." గూటి కింద పలక మీద రెండు అడుగుల ముందుభాగాలే ఉన్నాయి, మడమలు లేవు. "ఇక్కడ మునివేళ్ల మీద నిలబడినట్టుంది."

ఓబులమ్మ ఒక్క క్షణం తెరవైపు, ఒక్క క్షణం గూటివైపు చూసింది. "బెల్లం డబ్బా!"

మద్దిలేటి గొంతు సవరించుకున్నాడు. "రాయికి నోరొచ్చినాదే, ఇంక ఈ ఇంట్లో బతికినట్టే!"

"నేను బడికి పోయేది సూసి బెల్లం తింటాండావా? ఎన్నిసార్లు సెప్పినా, బెల్లం వేడి సేస్తాదని! ఇప్పుడిప్పుడే నీ కాళ్ల వేడి దిగినాది, మళ్లా ఎక్కించుకుంటావా?"

"దిగినాది గదా మే. ఒక్క ముక్క తింటే ఎక్కుతాదా?"

హైమావతి స్టాండు మర బిగిస్తూ "కాళ్ల వేడేంది?" అని అడిగింది.

"రెండేండ్లు సంపినాది ఆయన్ను," అంది ఓబులమ్మ, గెలిచినదాని మల్లే. "అరికాళ్లు ఒకటే మంట. రాయి మీద పెడితే సల్లగ, తీస్తే మంట. ఆ షుగరు మాత్రలే అట్ల వేడి సేసినాయని నేను మొదట్నుంచీ అంటానే ఉంటి. బారలీ కాచి పోసినా, పల్చని మజ్జిగ పోసినా, వారానికొక తూరి అరికాళ్లకు గోరింటాకు వేసినా. శ్రావణంలో ఆ మాత్రలు ఆపించినా సూడు, దసరా నాటికి ఎడమకాలు సల్లబడినాది. మంట సున్నా! కుడికాలొక్కటి ఇంకా మొండికేస్తాంది. అదీ దిగుతాది."

"ఊఁ" అంది హైమావతి. మర బిగిసింది. ఆ మాటలన్నీ ఆమె విన్నది. తరవాత ఆలోచిస్తే ఒక్క ముక్క కూడా పోకుండా గుర్తొచ్చాయి. కానీ ఆ సాయంత్రం ఆమె చూస్తున్నది తెరను. తెర మీద ఆ ఎర్రచుక్క మళ్లీ వచ్చింది.

చుక్క గురువారం నుంచే ఉంది. శనగగింజంత, ఎర్రగా. అడుగుజాడంతా లేతపసుపుగా ఉంటే అదొక్కటే కొట్టొచ్చినట్టు. అద్దం తుడిచినా, కెమెరా కన్ను తుడిచినా పోలేదు. కొన్ని పలకల మీద ఉంటుంది, కొన్నిటి మీద ఉండదు. నాపరాయిలో ఎర్రపొర ఉండే చోట్లు ఉంటాయని ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఆ పొరల్లో వేడి ఇంకోలా ఇరుక్కుంటుందేమో అనుకుంది. రాతిలో లోపం. అంతే. శనివారం పగలంతా కూర్చుని, జాడలో అలాంటి చుక్క కనిపిస్తే చుట్టుపక్కల రంగుతో పూడ్చేసే ఏర్పాటు రాసింది. దానికి "శుద్ధి" అని పేరు పెట్టింది. నడిపితే అడుగులన్నీ కడిగిన ముత్యాల్లా వచ్చాయి.

ఆ సాయంత్రమే మేడానికి ఫోను చేసి చెప్పింది.

"చుక్క ఎందుకు వచ్చిందో తెలిసిందా?" అని అడిగింది మేడం.

"రాతిలో లోపం మేడం. తీసేశాను."

"తీసేశావు సరే. తెలిసి తీసేశావా, అనుకుని తీసేశావా?"

"మా నాన్న ముప్పై ఏళ్లుగా పట్టే రాయి మేడం ఇది. నాకు తెలుసు."

అందులో అబద్ధం లేదు. రాయి ఆమెకు నిజంగానే తెలుసు.

ఆదివారం పొద్దున తను బయలుదేరుతుంటే నాన్న బస్సుదాకా సంచి మోసుకొచ్చాడు. రబ్బరు చెప్పులు టపటపలాడించుకుంటూ, ఎప్పటిలాగే ముందు నడిచాడు. "మిషను మంచిదే పాపా," అన్నాడు. "బెల్లం సంగతి మాత్రం దానికి మర్సిపొమ్మని సెప్పు."

బుధవారం సాయంత్రం ఐదున్నరకు హైమావతి పరిశోధనశాలలో నివేదిక ముగిస్తోంది. శుక్రవారానికి అన్నీ సిద్ధం. ఒక్క చిన్న వివరణ మిగిలింది. శుద్ధి చేసిన పలకలు ఎన్ని, అవి ఇంట్లో ఎక్కడెక్కడ ఉన్నాయి అని ఒక బొమ్మ గీసి పెడితే చదివేవాళ్లకు అనుమానం ఉండదు. ఎవరూ అడగని వివరణ అది. చిన్నప్పుడు లెక్కల నోటుపుస్తకంలో మార్జిను గీతలు కూడా స్కేలు పెట్టి గీసిన అలవాటు కొద్దీ చేయబోయింది.

ముందు పాత ఫైలు తెరిచి చుక్కలున్న పలకలు లెక్కపెట్టింది. ముప్పై నాలుగు. ఇంటి నేలంతా కలిపి అరవై రెండు పలకలు. సగానికి పైగా పలకల్లో లోపమా? నాన్న ఏరి ఏరి తెచ్చి పరిచిన రాయి అది. ఒక్కో పలకా చూసింది. పడసాల, వంటిల్లు, పెరటి గడప, స్నానాల బండ. పడసాలలో ఏడో పలక మీద గురువారం చుక్క కుడి అంచున ఉంది, శుక్రవారం అదే పలక మీద మధ్యలో ఉంది, శనివారం లేనే లేదు.

శనివారం నాన్న ఆ పలక మీద అడుగు వేయలేదు.

హైమావతి చెయ్యి గీత మీద ఆగిపోయింది. రాతిలో లోపమైతే రాతితోనే పడి ఉండాలి. ఇది చోటు మారుతోంది. అమ్మ అడుగుల్లో లేదు, తన అడుగుల్లో లేదు, సుంకులమ్మ అడుగుల్లో లేదు. నాన్న కుడి అడుగుల్లో లేదు. ఎడమ అడుగుల్లో, చిటికెన వేలు మొదట్లో, ప్రతి ఒక్క అడుగులో ఉంది.

లోపం నడవదు. నడిచేది మనిషి.

ఓబులమ్మ మొదటి రింగుకే ఎత్తింది. "ఇప్పుడే అనుకుంటాండా నీ గురించి..."

"అమ్మా, నాయన వచ్చినాడా?"

"వచ్చినాడు. కాళ్లు కడుక్కుంటాండాడు. ఏమైనాదే?"

"ఎడమకాలు చూడు. అరికాలు, చిటికెన వేలు కింద."

"ఏముండాది ఆడ? పోయిన వారమే గోరింటాకు పెట్టినా. ఎర్రగా పండినాది."

"పుండుందేమో చూడమ్మా."

మద్దిలేటి గొంతు దూరంనుంచి వినిపించింది. "ఏం పుండు? ఉంటే నొప్పి రాదా పాపా? నాకేం నొప్పి ల్యా. కాలు రాయి మల్లే ఉండాది."

ఆ మాట విని హైమావతి పెన్ను కింద పెట్టింది. తరవాత నెమ్మదిగా, పరీక్ష చేసేటప్పుడు చెప్పినట్టే చెప్పింది. "అమ్మా, ఫోను స్పీకరులో పెట్టి పక్కన పెట్టు. నాయనా, నువ్వు కండ్లు మూసుకో. అమ్మ నీ కాలు ముడుతుంది. ముట్టుకున్నప్పుడల్లా 'ఊఁ' అను."

"ఇదేం ఆట?"

"ఆటే అనుకో నాయనా. అమ్మా, ముందు కుడికాలు."

"ఊఁ," అన్నాడు మద్దిలేటి. "ఊఁ. ఊఁ. మంటగా ఉండాది, మెల్లగ మే."

"ఇప్పుడు ఎడమకాలు."

ఫోనులో నిశ్శబ్దం. వీధిలో ఎవరిదో మోటారు సైకిలు పోయిన చప్పుడు. హైమావతి పది లెక్కపెట్టింది, ఇరవై లెక్కపెట్టింది.

"ఎప్పుడు ముడతావు మే?" అన్నాడు మద్దిలేటి. "కండ్లు మూసుకుని కూసోవాల్నా పొద్దుగూకేదాకా?"

ఓబులమ్మ గొంతు ఫోనుకు చాలా దగ్గరగా వచ్చింది, గుసగుసగా. "పాపా. నా వేలు లోపలికి పోయినాది."

కాత్యాయని మేడం గది తలుపు దగ్గర నిలబడి హైమావతి జరిగింది నాలుగు మాటల్లో చెప్పింది. శుక్రవారం తను ఉండలేనంది. మేడం కుర్చీలోంచి లేచింది. "నువ్వు బయలుదేరు. చుక్క ఉన్న ఫైలూ, తీసేసిన ఫైలూ రెండూ నా బల్ల మీద పెట్టి వెళ్లు."

కర్నూలు ఆసుపత్రిలో మర్నాడు శస్త్రచికిత్స చేశారు. చిటికెన వేలు, దాని పక్క వేలు తీసేశారు. చీము ఎముకదాకా దిగిందట. లోపలినుంచి గోరంత నాపరాయి పెచ్చు ఒకటి బయటికొచ్చింది. పాలిష్ పట్టేచోట రబ్బరు చెప్పు అడుగును చీల్చుకుని ఎప్పుడో దిగింది, దాని మీదే ఆయన ఎన్ని రోజులు నడిచాడో ఎవరికీ తెలియదు. కుర్ర డాక్టరు దాన్ని చిన్న సీసాలో వేసి చూపించి, ఓబులమ్మకు ఓపికగా చెప్పాడు. మంట షుగరుదే గాని మాత్రలది కాదనీ, మంట తగ్గింది కాలు బాగుపడి కాదనీ, నరాలు చచ్చిపోయి అనీ.

ఓబులమ్మ అంతా విని ఒక్కమాటే అడిగింది. "అయితే సల్లబడినాదని నేను సుంకులమ్మ ఇంటికి బెల్లం పరమాన్నం పంపిస్తినే సారూ, అది దేనికి పంపించినట్టు?"

డాక్టరు సీసాను ఆమె చేతిలో పెట్టాడు.

వరండాలో హైమావతి అతన్ని ఆపింది. "ఆరు రోజుల ముందు వచ్చుంటే?"

అతను కాస్త ఆలోచించాడు. "ఒక్క వేలితో పోయేదేమో. అదీ పోయేది కాదేమో. ఖాయంగా చెప్పలేమండి."

ఆరు రోజులు. గురువారం నుంచి బుధవారం. ఖాయంగా చెప్పలేం అన్నమాట ఒకరకంగా దయే. కానీ హైమావతి లెక్కల మనిషి. ఒక వేలును వేడి, చలవ అన్న నమ్మకం మింగింది. రెండో వేలును శుద్ధి మింగింది. తన లెక్కలో అలాగే తేలింది.

మూడో రోజు, అమ్మ టీకి వెళ్లినప్పుడు నాన్నకు చెప్పేసింది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, చుక్క ఎప్పుడు చూసిందీ, ఎన్నిసార్లు తుడిచిందీ, మేడం ఏమడిగిందీ, తనేం జవాబు చెప్పిందీ, ఒక్కటీ దాచకుండా. బడిలో తప్పు చేసి వచ్చినప్పుడు చెప్పినట్టే.

మద్దిలేటి కట్టు కట్టిన కాలువైపు చూస్తూ విన్నాడు.

"పాలిష్‌లో మేమూ అంతే పాపా," అన్నాడు చివరికి. "రాతి మీద మచ్చ అగపడితే ఇంకో రెండు పట్లు పట్టిస్తాం. మచ్చ పోయినాది అంటాం. సేటు సంతోషపడతాడు. కానీ పోయేది మచ్చ ఒకటే కాదు, దాని సుట్టూ ఉండే రాయి గూడ. పలక పల్సబడతాది. ఎవురికీ అగపడదు."

"నన్ను తిట్టు నాయనా."

"తిట్టి ఏం జేద్దాం? మీ అమ్మ సల్లబడినాదని సంబరపడె. నేను నొప్పి లేదని సంబరపడితి. నువ్వు శుభ్రమైనాదని సంబరపడితివి. ముగ్గురం మంచిదే అనుకుంటిమి." ఆయన సీసాలో పెచ్చును వెలుతురుకు పట్టి చూశాడు. "ఎర్రపొరది. మన గనిదే. నువ్వు రాతిలో లోపం అనుకునింది పూరా అబద్ధం గాదులే. రాయే. కాకుంటే నేలలో ల్యా, నాలో ఉండాది."

ఆయన నవ్వాడు. హైమావతికి నవ్వు రాలేదు, ఏడుపు కూడా రాలేదు. లేచి ఆయన దుప్పటి సరిచేసింది. కుడికాలి మీద దుప్పటి తగలగానే ఆయన "స్స్" అన్నాడు.

శుక్రవారం ఏం జరిగిందో మేడం తరవాత చెప్పింది. వచ్చిన వాళ్లకు ఆమె రెండు ఫైళ్లూ పక్కపక్కన వేసి చూపించిందట. ముందు శుభ్రమైన అడుగులు. అందరూ తలలూపారు. తరవాత చుక్కలున్న అడుగులు. ఇవి ఎవరివో, ఇప్పుడు ఆయన ఎక్కడున్నాడో చెప్పింది. జాడకు మూడేళ్లు కాదు, ఏడాది ఇచ్చారు. హైమావతి ఒప్పందం ఆ ఏడాదికి పొడిగించారు. పరిశోధన విద్యార్థి సీటు మాట ఎవరూ ఎత్తలేదు, ఆమె కూడా అడగలేదు.

"శుద్ధిని పూర్తిగా తీసేద్దామా?" అని అడిగింది మేడం.

"వద్దు మేడం. నిజంగా అద్దం మీద మరకలూ ఉంటాయి కదా. కానీ అది తుడిచేది ఏదైనా పారేయకుండా పక్కన పెట్టాలి. పక్కన పెట్టినవాటిని మనిషి చూసి సంతకం పెడితే గాని నివేదిక బయటికి రాకూడదు."

"ఎవరు చూస్తారు రోజూ అన్ని చుక్కలు?"

"నేను చూస్తాను."

అప్పటినుంచి ఆమె పొద్దున పని ముందు అదే. నూటికి తొంభై తొమ్మిది మరకలే. ఒక్కోటీ పెద్దది చేసి చూసి, చోటు మారుతోందా లేదా అని చూసి, అప్పుడు దాటుతుంది. కొత్తగా చేరినవాళ్లు దీన్ని చాదస్తం అనుకుంటారు. ఆమె వాళ్లకేమీ చెప్పదు.

మాఘంలో ఆమె ఇంటికి వెళ్లినప్పుడు సుంకులమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి కళ్ల మంట మాట ఎత్తలేదు. గడప మీద కూర్చుని, చెప్పు విడిచి, రెండు కాళ్లూ చాపింది. "సూడు పాపా. ఎందుకైనా మంచిది." ఆమె వెనక వీధిలో ఇంకా నలుగురు, పాలిష్‌లో పనిచేసే మగవాళ్లు కూడా ఇద్దరు. వాళ్లకు సిగ్గు, కాళ్లు చూపించడానికి. హైమావతి ఈసారి ఎవరికీ పాఠం చెప్పలేదు. నేల మీద కూర్చుని ఒక్కొక్కరి అరికాలూ కెమెరాతో ఒకసారి, చేత్తో ఒకసారి చూసింది.

మద్దిలేటి కొత్తరకం మందపాటి చెప్పులు తొడుక్కుని, పడసాలలో ఈ మూలనుంచి ఆ మూలకు నడుస్తున్నాడు. ఇంట్లో చెప్పులతో నడవడం ఆయనకింకా తప్పు చేస్తున్నట్టే ఉంది, దేవుడి గూడు దగ్గరికి రాగానే పక్కకు తప్పుకుంటున్నాడు. పాలిష్ పని మానేశాడు. అదే ఫ్యాక్టరీలో పలకలు ఏరి నాణ్యం చెప్పే పని ఇచ్చారు, కూర్చుని చేసేది. కొట్టిపారేసే పలకలు ఎక్కువయ్యాయని సేటు గొణుగుతున్నాడట. "మచ్చ ఎందుకొచ్చినాదో తెలిసేదాకా దాన్ని మిషను ఎక్కించనీయడం ల్యా," అంది ఓబులమ్మ, మొగుడి మీద ఫిర్యాదులాగా, కానీ ఫిర్యాదు కాదు.

పొద్దున ఎనిమిదయింది. ఓబులమ్మ బడికి బయలుదేరాలి. మాత్ర, నీళ్ల చెంబు తెచ్చి మొగుడి చేతికిచ్చి, ఆయన మింగేదాకా ఎదురుగా నిలబడింది. తరవాత కింద కూర్చుని ఆయన కుడికాలు ఒళ్లో పెట్టుకుంది. ఇంకా స్పర్శ మిగిలిన కాలు అదే. డాక్టరు చెప్పినట్టు ఒక్కో వేలి సందూ విడదీసి, అరికాలంతా బొటనవేలితో మెల్లగా ఒత్తింది. అరికాలి మీద గోరింటాకు లేదు. తెల్లగా, గీతలు పడి, నిజం కాలులాగా ఉంది.

"మంటగా ఉండాదా?" అని అడిగింది.

"సంపుతాంది మే," అన్నాడు మద్దిలేటి పళ్లు బిగించి. "నిప్పుల మీద పెట్టినట్టు ఉండాది."

ఓబులమ్మ నిట్టూర్చి, ఆయన కాలును ఒళ్లో ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"ఉండనీ," అంది. "ఉండనీ సామీ."